పోయినవాళ్ళ పాస్‌వర్డులు, రాఘవయ్య గారి మామిడి తోట

నా పేరు సలోమి. తిరువూరు బస్టాండు దగ్గర నెట్ సెంటర్లో పాతికేళ్ళ పైచిలుకు కూర్చున్నాను. మొదట జీతానికి పనిచేశాను. ఓనరు గారు పోయాక ఆయన భార్య దగ్గర సెంటరు తీసుకుని సొంతంగా నడిపాను. ఈమధ్య మోకాళ్ళు సెంటరు మెట్లెక్కలేమని మొండికేశాయి, షట్టరు దించేశాను.

ఈ పనిలోకి కొత్తగా దిగుతున్న పిల్లలు కూరగాయల దగ్గరో చర్చి దగ్గరో కనబడి, "మేడం, ఏం నేర్చుకోవాలి?" అని అడుగుతుంటారు. ప్రింటరులో ఇరుక్కున్న కాగితం ఎలా లాగాలో, సర్వరు పనిచేయనప్పుడు జనం ముందు మొహం ఎలా పెట్టుకోవాలో వారం రోజుల్లో మీకే వచ్చేస్తుంది. దరఖాస్తుల గురించీ హాల్ టికెట్ల గురించీ నేను రాయను. ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది, అది రాస్తాను. మన కౌంటరు ముందు నిలబడేది బతికున్నవాళ్ళే గానీ, సగం పని పోయినవాళ్ళతో ఉంటుంది.

పూర్వం మనిషి పోతే ఇల్లూ పొలం, కళ్ళజోడు, పళ్ళ సెట్టు మిగిలేవి. ఇప్పుడు వాటితో పాటు మెయిలు, ఫోటోలు, గ్రూపులు, డబ్బిచ్చి కొనుక్కున్న సినిమాలూ ఆటలూ కూడా మిగులుతున్నాయి. పళ్ళ సెట్టు ఏం చేయాలో ఎవరికైనా తెలుసు. ఇవి ఏం చేయాలో ఎవరికీ తెలియదు. అందుకని మనిషిని సాగనంపిన మర్నాడే కొడుకులూ కూతుళ్ళూ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేవారు. నేనేదో యముడి ఆఫీసులో గుమస్తానైనట్టు!

ఓనరు గారి నెంబరు

మా ఓనరు గారు చెడ్డవారు కాదు. కాకపోతే వ్యాపార బుర్ర కాస్త ఎక్కువ. మెయిళ్ళకి ఫోను నెంబరు అడగడం మొదలైన కొత్తలోనే నాకొక రూలు పెట్టారు. ఎవరికి మెయిలు తయారు చేసినా, పాస్‌వర్డు మరచిపోతే కోడు వచ్చే నెంబరు దగ్గర ఆయన నెంబరే కొట్టాలి.

"వాళ్ళది కదండీ కొట్టాల్సింది?" అన్నాను.

"వాళ్ళకి ఫోనుంటే కదమ్మా! ఉన్నవాళ్ళు కూడా చొక్కా మార్చినట్టు సిమ్ము మారుస్తారు. మన నెంబరైతే శాశ్వతం. పైగా మరచిపోయినప్పుడల్లా మన దగ్గరికే రావాలి. అర్థమైందా?"

అర్థమైంది. ఒప్పుకోలేదు, ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. కానీ జీతం ఇచ్చేది ఆయన. అలా తిరువూరులో సగం మంది మెయిళ్ళ తాళం చెవి ఆయన చొక్కా జేబులోకి చేరింది. పిల్లలూ, మీ ఓనరు ఎవరైనా 'శాశ్వతం' అన్న మాట అంటే అక్కడే జాగ్రత్త పడండి. ఆయన శాశ్వతం కాలేదు. నెంబరూ కాలేదు.

ఆయన పోయాక వాళ్ళావిడ ఆ ఫోను బీరువాలో పెట్టి తాళం వేసింది. రీచార్జి చేయాలని ఆవిడకి తెలియదు. ఫోను కంపెనీ కొన్నాళ్ళు చూసి, ఆ నెంబరు ఇంకెవరికో ఇచ్చేసింది. ఈ సంగతి మాకెవరికీ తెలియదు. ఆవిడ మాత్రం రోజూ పొద్దున్నే తన ఫోనులోంచి భర్త నెంబరుకి ఒక పూల బొమ్మతో శుభోదయం పంపుతూనే ఉంది. అలా పంపితే మనసుకి తేలిగ్గా ఉండేదట.

ఒకరోజు సెంటరు తెరవకముందే వచ్చి మెట్ల మీద కూర్చుంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"సలోమీ, మీ సార్ ఫోటో మారిపోయిందే!"

చూశాను. సఫారీ సూటులో నవ్వుతూ ఉండాల్సిన ఓనరు గారి చోట కొబ్బరికాయల గుట్ట ఉంది.

"ఆయనకి కొబ్బరికాయంటే అంత ప్రాణం కూడా కాదు కదే! ఇదేం జన్మెత్తారే!" అని ఆవిడ ఏడుపు. ఆ కింద, శుభోదయానికి మొట్టమొదటిసారి జవాబు కూడా వచ్చింది: "ఎన్ని కాయలు కావాలి?"

నాకు నవ్వాగలేదు. ప్రభువు క్షమించాలి, ఆవిడ ముందే నవ్వాను. తర్వాత ఆ నెంబరుకి ఫోను చేసి, ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి నెమలి అనే ఊరు వెళ్ళాను. వేణుగోపాలస్వామి గుడి వీధిలో కొబ్బరికాయలు అమ్ముకునే వెంకాయమ్మకి వచ్చింది ఆ నెంబరు. నన్ను చూడగానే దులిపేసింది.

"మీ తిరువూరోళ్ళకి పనీపాటా లేదా అమ్మా? తెల్లారిందంటే నా ఫోనుకి అంకెలు పంపుతారు!"

"అవి మావాళ్ళ పాస్‌వర్డు కోడులమ్మా. వచ్చినప్పుడు నాకు చెబితే..."

"ఆఁ! చెప్తా! ఎవరికి ఫోను చేసినా ముందు ఒకావిడ మొత్తుకుంటా ఉంటది, కోడు ఎవ్వరికీ చెప్పొద్దని. నీకెందుకు చెప్తా?"

"నన్ను ఎదురుగా చూస్తున్నావు కదా. నేను మోసం చేసే మనిషిలా ఉన్నానా?"

ఎగాదిగా చూసింది. "మోసం చేసేవాళ్ళు ఇట్టాగే ఉంటారంట," అని ఫోను తీసి కొబ్బరి పీచు కుప్పలో దాచేసింది.

చేసేదేముంది, రెండు కాయలు కొనుక్కొచ్చాను. కొట్టడానికి కాదు, పచ్చడికి. నాకు ఒళ్ళు మండిన మాట నిజమే గానీ, ఆవిడ చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని. మీరు మాత్రం ఎవరి ఖాతాకి వాళ్ళ నెంబరే పెట్టండి. మనిషి పోయాక ఖాతాల సంగతి తేలేదాకా ఆ సిమ్ముని బతికించమని ఇంట్లోవాళ్ళకి చెప్పండి.

హెడ్మాస్టరు గారి పుట్టినరోజు

పోయినవాళ్ళ ఖాతా అలాగే వదిలేస్తే ఏమవుతుందో నాకు నేర్పింది ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారి భార్య. ఆయన పోయి ఏడాది కూడా కాలేదు. పుట్టినరోజు రాగానే ఆ సోషల్ మీడియా యంత్రం ఊరందరికీ చాటింపు వేసింది: ఈరోజు మాస్టారి పుట్టినరోజు, శుభాకాంక్షలు చెప్పండి అని. పోయిన సంగతి తెలియనివాళ్ళు ఎక్కడెక్కడి నుంచో 'నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలి సార్' అని రాశారు. తెలిసినవాళ్ళు కూడా కొందరు అలవాటుకొద్దీ రాశారు, అది ఇంకా విడ్డూరం.

మాస్టారి భార్యని ఊళ్ళో టీచరమ్మ గారనే అంటారు, పద్ధతి గల మనిషి. అంతమంది శుభాకాంక్షలు చెబితే జవాబివ్వకపోవడం మర్యాద కాదనుకున్నారు. మాస్టారి ఫోను ఆవిడ దగ్గరే ఉంది, తెరిచే ఉంది. ఒక్కొక్కరికీ ఓపిగ్గా 'ధన్యవాదములు' అని ఆయన పేరు మీదే కొట్టారు. పాత శిష్యుడొకడు, మాస్టారి అంత్యక్రియలకి వచ్చి దండ వేసి వెళ్ళినవాడే, మాట వరసకి 'త్వరలో వచ్చి కలుస్తాను సార్' అని రాశాడు. దానికి మాస్టారి ఖాతా నుంచి జవాబు వెళ్ళింది: 'తప్పకుండా రావాలి బాబూ. ఎదురు చూస్తుంటాను.'

పాపం వాడికి చలిజ్వరం పట్టుకుంది. తాయెత్తు కట్టించుకున్నాడని విన్నాను.

టీచరమ్మ గారిని కూర్చోబెట్టి చెప్పాను, ఖాతాని జ్ఞాపకార్థంగా మార్చే ఏర్పాటు ఉంటుంది, మరణ ధ్రువీకరణ పత్రం పెట్టి కోరితే పుట్టినరోజు చాటింపు ఆగిపోతుంది అని. ఆవిడ, "వచ్చే ఏడు నుంచి ఎవరూ పలకరించరా అయితే?" అన్నారు. ఒక్క ఏడాది ఆగుదామన్నాను. ఇలాంటప్పుడు రూలు పుస్తకం పట్టుకుని కూర్చునేవాళ్ళు ఈ పనికి పనికిరారు.

పట్టా కాదు, కౌలు

ఇక రాఘవయ్య గారి సంగతి. ఇది నా కొలువులో ఆఖరి కేసు. నేను నేర్చుకున్నదంతా దీని ముందు దిగదుడుపే.

రాఘవయ్య గారు మా వీధే. ఎ.కొండూరు వెళ్ళే దారిలో ఆయనకి మామిడి తోట ఉండేది. చిన్నరసాలు, బంగినపల్లి. కొడుకు శ్రీను పురుగుమందుల షాపు పెట్టుకుంటానంటే ఆ తోట అమ్మేశారు. అమ్మిన నాడు ఏమీ అనలేదు గానీ, తర్వాత చేతులు ఖాళీగా ఉండలేక ఫోనులో తోట వేశారు. నిజమేనండి. ఫోనులో తోటలు పెంచే ఆట ఉంటుంది. మొక్క నాటాలి, నీళ్ళు పెట్టాలి, కాయలు కోయాలి. ఆ ఆటలో మామిడి ఊరికే రాదు, డబ్బు పెట్టి కొనాలి. ఆయన చెట్టు చెట్టూ కొన్నారు. బోరు కొన్నారు. కంచె కొన్నారు. సాయంత్రం సెంటరుకొచ్చి, "సలోమమ్మా, ఈ ఏడు నా తోటలో తెగుల్లేదు!" అని మురిసిపోయేవారు.

వాళ్ళావిడ అనసూయమ్మ గారి నోరు మా వీధికి అలారం. పాలవాడు, పేపరువాడు, వీధి కుక్కలు, ఎవరినీ వదిలేది కాదు. మొగుణ్ణి అసలే వదిలేది కాదు.

"బజార్లో కాయలు కొనుక్కొస్తాడు, ఫోన్లో చెట్లకి నీళ్ళు పెడతాడు! ఒక్క రసం కాయైనా నోట్లోకి రాల్చిందా నీ ఫోను?"

"ఒకసారి చూడవే, ఎట్టా ఉందో," అని ఆయన ఫోను చూపించబోయేవారు.

"నా చెప్పు చూస్తుంది!" అని ఆవిడ మొహం తిప్పుకునేది.

ఒకరోజు భోంచేసి మంచం మీద ఒరిగి, అలాగే వెళ్ళిపోయారు రాఘవయ్య గారు. మంచి చావు. ఆ తర్వాత జరిగింది మాత్రం పిచ్చిపని. ఆయనకి ప్రాణమని ఫోను కూడా పాడె మీద పెట్టారు బంధువులు. తీయాలని ఎవరికీ తోచలేదు. చితి అంటుకున్న కాసేపటికి లోపలి నుంచి ఢాం అని పేలింది. జనం తలో దిక్కూ పరిగెత్తారు. ఒక ముసలాయన మాత్రం కదలకుండా చేతులు జోడించి, "కపాలమోక్షం! ఇంత తొందరగా ఎవరికీ రాదు. పుణ్యాత్ముడు!" అన్నాడు. పేలింది ఫోను బ్యాటరీ అని శ్రీనుకి ఇంటికొచ్చి ఫోను వెతికినప్పుడు గానీ తెలియలేదు. సిమ్ము కూడా అందులోనే పోయింది.

మర్నాడు అనసూయమ్మ గారు నన్ను పిలిపించింది. గోడకి జేరబడి కూర్చుని ఉంది. గొంతు అసలు లేవడం లేదు.

"సలోమమ్మా, ఆయన తోట ఒక్కసారి చూడాలి. బతికుండగా చూడమని ఎన్నిసార్లో ఫోను నా మొహం మీద పెట్టాడు. చూడలేదు. ఇప్పుడు చూపించు."

అంతే అంది. ఆవిడ అంత మెత్తగా మాట్లాడితే నాకు భయమేసింది. గుమ్మంలో పాలవాడు నీళ్ళు కలిపిన పాలు పోసి వెళ్ళాడు. ఆవిడ చూసి కూడా ఊరుకుంది. ఏదైనా చేసి ఈ మనిషికి ఆ తోట చూపించాలని అప్పుడే అనుకున్నాను.

రాఘవయ్య గారి మెయిలు నేను చేసిందే. డ్రిప్పు పైపుల సబ్సిడీకి అప్పట్లో చేశాను. మెయిలు తెరుచుకుంటే తోట తెరుచుకుంటుంది. కోడు వెళ్ళే నెంబరు మాత్రం ఓనరు గారిది, అంటే నెమలి వెంకాయమ్మది. ఫోను చేశాను. "మళ్ళీ నువ్వేనా!" అని పెట్టేసింది. శ్రీనుని బండి మీద పంపాను. నాలుగు కొబ్బరికాయలతో తిరిగొచ్చాడు, కోడు లేదు.

సరే, ఆట కంపెనీకే రాద్దామని రాశాను. ఎక్కడో సముద్రాల అవతల ఉన్న కంపెనీ. యంత్రంతో తెలుగు రాయించి జవాబు పంపారు. నేను నా కళ్ళతో చదివాను:

'ప్రియమైన రాఘవయ్య, మీ మరణం గురించి తెలిసి చింతిస్తున్నాము. దీనిని ధ్రువీకరించుటకు దయచేసి మీరే స్వయంగా లాగిన్ అవ్వగలరు.'

మరణ ధ్రువీకరణ పత్రం పెట్టి మళ్ళీ రాస్తే ఈసారి మనిషెవరో చూసినట్టున్నారు. మర్యాదగానే చెప్పారు. ఆటలో కొన్నవి కొన్న మనిషి వాడుకోవడానికే గానీ వారసులకి బదిలీ కావు, కొన్నాళ్ళు ఎవరూ తెరవకపోతే తోట తీసేస్తాం, అని దాని సారాంశం.

శ్రీను అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "అదేంటి మేడం గారూ! మా నాన్న చెట్టు చెట్టుకీ డబ్బు కట్టాడు. వారసత్వం రాదా?"

"కొన్నది చెట్టు కాదు బాబూ. ఆ చెట్టు పెంచుకునే హక్కు. పట్టా కంపెనీదే. మీ నాన్నగారు కౌలుదారు. కౌలుదారు పోతే కౌలు పోయినట్టే."

పిల్లలూ, ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు. ఫోనులో సినిమా కొన్నా, పుస్తకం కొన్నా, ఆటలో బంగారు కిరీటం కొన్నా, చాలావరకు కౌలే. చిన్న అక్షరాల్లో అదే రాసి ఉంటుంది. మనం చదవకుండా 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కుతాం. జనానికి లైసెన్సు అనీ షరతులు అనీ చెబితే బుర్రకెక్కదు. మన వైపు కౌలు అంటే పసిపిల్లాడికైనా తెలుసు.

పక్క గదిలోంచి అనసూయమ్మ గారు ఇదంతా విన్నది. "సొంత పొలం చేసిన మనిషి, ఆఖరికి కౌలుకి పోయాడా," అంది మెల్లగా. అప్పుడు కూడా తిట్టలేదు.

పక్షి

పెద్దకర్మ రోజు నన్ను కూడా రమ్మన్నారు. నేను చర్చికి వెళ్ళే మనిషిని, మా పద్ధతుల్లో కాకికి అంత అధికారం లేదు. కానీ ఇరుగుపొరుగు అన్నాక వెళ్ళాలి కదా. వాగు ఒడ్డున కాస్త ఎడంగా గొడుగేసుకుని నిలబడ్డాను.

పక్షికి పెట్టడమంటే తెలియనివాళ్ళుంటే చెబుతాను. పోయినాయనకి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెడతారు. కాకి వచ్చి ముట్టుకుంటే ఆయన తృప్తిగా వెళ్ళినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క. అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి, ఆ కోరిక ఏమై ఉంటుందో ఊహించి మాటివ్వాలి.

అన్నం, గారెలు, మామిడికాయ పప్పు, మీగడ పెరుగు, చక్కగా కోసిన చిన్నరసాలు పెట్టారు. కాకి వచ్చింది. కరెంటు స్తంభం మీద కూర్చుంది. విస్తరి వంక చూసింది. తల తిప్పుకుంది.

శ్రీను దండం పెట్టాడు. "నాన్నా, షాపు బాగా చూసుకుంటా. అమ్మని కళ్ళలో పెట్టుకుంటా."

కాకి కదల్లేదు.

రాఘవయ్య గారి తమ్ముడు ముందుకొచ్చాడు. ఇద్దరికీ పొలం గట్టు దగ్గర పాత తగాదా. "అన్నయ్యా, గట్టు నీదేలే. వదిలేస్తున్నా. రా!"

కాకి ముక్కుతో రెక్క గోక్కుంది. తమ్ముడు వెనక్కొచ్చి, "ముట్టలేదు కాబట్టి ఆ మాట చెల్లదు. అందరూ విన్నారుగా?" అన్నాడు.

అల్లుడు చేతులు కట్టుకుని, "మామయ్యగారూ, మీ బండి తీసుకెళ్ళి ఇవ్వలేదని కదా. రేపే తెచ్చి పెట్టేస్తా," అన్నాడు. కాకి స్తంభం దిగింది. అందరూ ఒకడుగు వెనక్కి జరిగి దారిచ్చారు. అది తిన్నగా వెళ్ళి, అల్లుడు వేసుకొచ్చిన ఆ బండి సీటు మీదే వాలి, రెట్ట వేసి, మళ్ళీ స్తంభం ఎక్కింది.

ఎండ ముదిరింది. పంతులుగారికి ఇంకో ఊళ్ళో ఇంకో కర్మ ఉంది. "ఇంకేదైనా ఉందేమో చూడండమ్మా. మనసులో పెట్టుకున్నది," అన్నారు వాచీ చూసుకుంటూ.

అనసూయమ్మ గారు తలెత్తింది. "ఆ తోటేనయ్యా. నేను చూడలేదని."

అందరూ నా వైపు తిరిగారు. ప్రభువా, వాగు ఒడ్డున కూడా నాకు కౌంటరే! శ్రీను ఫోనులో మెయిలు తెరిచి, 'పాస్‌వర్డు మరచిపోయాను' అని నొక్కి, నా ఫోనులో వెంకాయమ్మకి చేశాను. స్పీకరు పెట్టాను.

"చెప్పనన్నాగా!" అంది ఎత్తగానే.

"వెంకాయమ్మా, పెట్టేయకు. ఇక్కడ పక్షి ముట్టలేదు."

అవతల గుడి గంట వినిపించింది.

"ఎవరికి?"

"కోడు కోసం నీ దగ్గరికొచ్చాడే శ్రీను, వాళ్ళ నాన్నకి. పొద్దుట్నుంచీ కాకి స్తంభం దిగట్లేదు."

"అయ్యయ్యో! ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా తల్లీ! మెయిలంటావు, గియిలంటావు, నాకేం తెలుస్తది? గారెలు పెట్టారా?"

"పెట్టారు."

"చుట్ట?"

"ఆయన తాగరు."

"పెరుగు పుల్లగా ఉందేమో చూడండి," అని ఇంకా ఏవో అడిగింది. ఈలోగా కోడు గడువు దాటిపోయింది. మళ్ళీ పంపించాను. ఈసారి కళ్ళజోడు పెట్టుకుని, అంకె అంకెకీ ఆగి, స్వామి పేరు తలచుకుంటూ చదివింది. కంపెనీ వాళ్ళు ఎంత రాసినా తెరుచుకోని తలుపు, కాకి పేరు చెప్పగానే తెరుచుకుంది.

శ్రీను ఆ మెయిలుతోనే ఆట తెరిచి, ఫోను తల్లి చేతిలో పెట్టాడు. నేను పక్కనే కూర్చుని చూపించాను. తోట ఉంది. చెట్ల నిండా కాయలు మగ్గి ఉన్నాయి, కోసేవాళ్ళు లేక. ముందు వరస చిన్నరసాలు, వెనక బంగినపల్లి, మూలన బోరు, బోరు పక్కన ఒక్క సపోటా చెట్టు. అమ్మేసిన తోట ఎలా ఉండేదో అచ్చం అలాగే వేశారు.

"ఆ సపోటా నేను నాటిందే," అంది అనసూయమ్మ గారు. ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అంతలో ఆవిడ వేలు తగిలి తోట కాస్త పక్కకి జరిగింది. నట్టనడుమ ఒక దిష్టిబొమ్మ నిలబడి ఉంది. నెత్తిన కుండ, చాచిన చేతులు, ఒంటికి గోనెపట్టా. చేతిలో చీపురు. కింద బోర్డు మీద పేరు, రాఘవయ్య గారే పెట్టింది: 'అనసూయ. కాపలా.'

శ్రీను మొహం పక్కకి తిప్పుకున్నాడు. అల్లుడికి దగ్గొచ్చింది. నేను గొడుగు అడ్డం పెట్టుకున్నాను.

అనసూయమ్మ గారు చాలాసేపు ఆ బొమ్మనే చూసింది. తర్వాత మెల్లగా లేచింది. కొంగు నడుముకి దోపింది.

"ఏవయ్యా!"

వాగు అవతల గేదెలు తలలెత్తాయి.

"ఏవయ్యా! ఇన్నేళ్ళు నీ కొంపలో చాకిరీ చేస్తే, ఆఖరికి దిష్టిబొమ్మని చేసి నడి తోటలో నిలబెట్టావా నన్ను? ఎండలో! నెత్తిన కుండ పెట్టావే, మొహాన బొట్టు పెట్టావా? ఆ గోనెపట్టా ఏంటి? చెట్టుకి డబ్బులున్నాయి, బోరుకి డబ్బులున్నాయి, ఫోన్లో కూడా నాకు చీర కొనడానికి చేతులు రాలేదా నీకు? పైగా చూడవే చూడవే అని నా వెంట పడతావా? ఇది చూపించడానికా? సిగ్గు లేకపోతే సరి! ఇప్పుడేమో గారెలు పెడితే ముట్టవు, కొత్త పెళ్ళికొడుకులా అలిగి స్తంభమెక్కి కూర్చున్నావు! ఇంతమంది తిండి మానుకుని నీ కోసం నిలబడాలా? దిగు ముందు! దిగి, పెట్టింది తిను!"

కాకి దిగింది.

దిగి, తిన్నగా విస్తరి దగ్గరికొచ్చి, గారె నోట కరుచుకుంది. తర్వాత అన్నం. తర్వాత చిన్నరసం ముక్క. ఎంత ఆకలిగా తిన్నదంటే, పంతులుగారు కూడా వాచీ చూడటం మరచిపోయారు.

"ముట్టిందా? ముట్టిందా?" అని నా ఫోనులోంచి వెంకాయమ్మ అరుస్తోంది. "ముట్టింది," అన్నాను. "గోవిందా!" అంది అక్కడి నుంచి.

"నాన్నకి తోట మీద బెంగమ్మా," అన్నాడు శ్రీను కళ్ళు తుడుచుకుంటూ.

"తోటా కాదు, గీటా కాదు," అంది అనసూయమ్మ గారు. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. "పోయిన కాడ్నుంచీ నేనొక్క మాట అన్లేదు. ఆయన చెవులు చిన్నబోయినయ్యి. అదీ బెంగ."

ఆ మర్నాడు తెల్లవారకముందే మా వీధిలో పాలవాడి మీద కేకలు వినపడ్డాయి. నేను మంచం మీద పడుకునే ప్రభువుకి స్తోత్రం చెప్పుకున్నాను.

ఇప్పుడు సాయంత్రం కాగానే ఆవిడ కొడుకు ఫోను తీసుకుని మా అరుగు మీదకొస్తుంది. కాయలు కోస్తుంది, నీళ్ళు పెడుతుంది, నడుమ నడుమ ఆయనకి నాలుగు తగిలిస్తుంది. మొన్న ఆ దిష్టిబొమ్మకి ఒక పట్టుచీర కొనిపించింది. కొనేముందు నా ధర్మంగా చెప్పాను, ఇది కౌలు తోట అనసూయమ్మ గారూ, కంపెనీ ఎప్పుడైనా తీసేయొచ్చు అని.

"తియ్యనీ," అంది తల ఎత్తకుండా. "వాళ్ళని తిట్టడం నాకు చేతకాదా?"